కింద నుంచి తగిలే ఎండ

మా పాళెంలో పాట ఎత్తాలంటే అబిగయీలే ఎత్తాలి. మందిరంలో ఎడమ పక్క, ఆడవాళ్ళ చాపల మీద, మూడో వరసలో కిటికీ కింద ఆమె చోటు. పాస్టరుగారు ప్రార్థన ముగించి కూర్చోగానే మందిరమంతా ఒక్క క్షణం ఊరుకునేది. ఆమె గొంతు సవరించుకునేది కాదు, అటూ ఇటూ చూసేది కాదు. కళ్ళు మూసుకొని మొదటి వరస అందుకునేది. ఆమె ఒక వరస పాడి ఆపితే తక్కిన వాళ్ళు దాన్ని తిరిగి పాడేవారు. మా సంఘంలో అక్షరం రాని పెద్దమ్మలు ఎక్కువ కాబట్టి ఆ పద్ధతి ముందు నుంచీ ఉంది. సముద్రం ఒడ్డున నెత్తళ్ళు, అంటే వేలెడంత చిన్న చేపలు, ఎండబెట్టేటప్పుడు కూడా అంతే. ఇక్కడ ఆమె ఒక వరస పాడితే, నాలుగు వలల అవతల వంగి ఉన్న మనిషి దాన్ని అందుకునేది. గాలికి సగం మాటలు కొట్టుకుపోయినా పాట మాత్రం తెగేది కాదు.

అట్లాంటి మనిషి దాదాపు ఏడాదిపాటు నోరు తెరిచి పాడలేదు. ఎందుకు పాడలేదో ఆమె మాతో చెప్పుకున్నాక, ఇది రాసిపెట్టాలని నాకు అనిపించింది.

అబిగయీలుకు ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త క్రీస్తుదాసు చెన్నై రేవులో పెద్ద బోట్ల మీద పనిచేస్తాడు. రెండు నెలలకోసారి వచ్చి నాలుగు రోజులుండి పోతాడు. మంచివాడే. రోజూ ఫోను చేస్తాడు, కాకపోతే సముద్రం మీద ఉన్నప్పుడు ఫోను పలకదు.

పెళ్ళయిన మూడో ఏట ఆమె కడుపుతో ఉన్నప్పుడు రెండు చెంపల మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చ తేలింది. "మంగు లేచిందిమే, కాన్పయితే అదే పోతాదిలే" అన్నారు పెద్దవాళ్ళు. ఏడో నెలలో బిడ్డ పోయింది. మంగు పోలేదు. ఆ బిడ్డకు పేరు పెట్టలేదు, ఫొటో తీయలేదు. ఒక బిడ్డ వచ్చి పోయిందనడానికి ఆమె దగ్గర మిగిలిన గుర్తు ముఖం మీద మచ్చ ఒక్కటే. అందుకేనేమో, చాలా ఏళ్ళు ఆమె దాని జోలికి పోలేదు.

అత్తగారు కాలం చేశాక ఒడ్డున వాళ్ళ వల అబిగయీలు చేతికి వచ్చింది. పాత వల పరిచి దానిమీద నెత్తళ్ళు పల్చగా చల్లి, మిట్టమధ్యాహ్నం ఒకసారి అన్నిటినీ తిరగేయాలి. తిరగేయకపోతే అడుగు పక్క మెత్తబడి వాసనొస్తాయి. ఆ పనిలో పడ్డాక రెండు మూడేళ్ళలో మచ్చ నల్లబడి నుదుటికి కూడా పాకింది. చూసిన వాళ్ళు ఊరుకోరు కదా. "పసుపు పుయ్యి", "నిమ్మకాయ రుద్దు", "లివరు చెడిపోయుండాది, చూపించుకో" అని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. నిమ్మకాయ రుద్ది ఎండలోకి పోయిన రోజు చెంప కాలినట్టు మండిందట.

ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది. ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఎవరి పిల్లో మూడేళ్ళది ఆమె ఒళ్ళోకెక్కి కూర్చుంది. ముఖంలోకి చూసి, వేలు నోట్లో తడుపుకొని, "అత్తా, మసి" అంటూ చెంప మీద రుద్దింది. ఎంత రుద్దినా పోకపోయేసరికి ఇంకో వేలు తడుపుకుంది. ఆ పిల్ల జాలిగానే చేసింది. అబిగయీలు ఆ పిల్లను మెల్లగా కిందికి దించి, చెయ్యి కడుక్కోకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ జనవరిలో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. పాస్టరమ్మ రెబెక్కమ్మగారు రోగాలున్న వాళ్ళందరికీ ప్రార్థన చేసి, చిన్న చిన్న సీసాల్లో కొబ్బరినూనె ఇచ్చింది. అబిగయీలుకూ ఒక సీసా ఇచ్చింది. "నమ్మకంతో పూసుకో తల్లీ" అంది. అబిగయీలు నమ్మకంతోనే పూసుకుంది. కానీ ఆ వారంలోనే ఇందుకూరుపేటకు సరుకులకని పోయి, మెడికల్ షాపు ముందు ఆగింది.

"మంగుకు ఏదన్నా ఉండాదా అన్నా?"

ఆయన ముఖం వైపు ఒక్కసారి చూసి, ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. "రాత్రి పూసుకో, తెల్లారి కడుక్కో. నెలలో తెల్లంగా అయిపోతావు" అన్నాడు. ఎన్నాళ్ళు పూయాలో, ఎప్పుడు మానేయాలో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. పొద్దున నూనె, రాత్రి ట్యూబు. ఇరవై రోజులకు మచ్చ సగానికి పైగా పోయింది.

మొదట కనిపెట్టింది రెబెక్కమ్మగారే. మందిరం గుమ్మంలో ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని చిన్నపిల్లలా కేక వేసింది. "స్తోత్రం! చూడండమ్మా, చూడండి! ప్రార్థన విన్నాడు దేవుడు! వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాల నువ్వు."

"అమ్మగారూ, అదీ... నేను..."

"నేను గీను ఏం లేదు. చెప్పాల్సిందే."

సాక్ష్యం అంటే, నెలలో మొదటి ఆదివారం, దేవుడు తనకు చేసిన మేలు గురించి లేచి నిలబడి అందరి ముందు చెప్పడం. ఫిబ్రవరి మొదటి ఆదివారం అబిగయీలు లేచింది. ట్యూబు సంగతి కూడా చెబుదామనే అనుకుంది. కానీ "ప్రార్థన నూనె పూసుకున్నాను" అనే మాట నోటి నుంచి రాగానే మందిరం మొత్తం "స్తోత్రం" అంది. ముందు వరసలో రెబెక్కమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కళ్ళు చూశాక ట్యూబు మాట చెప్పలేకపోయింది. అబిగయీలు కూర్చుంది.

ఆ వెంటనే బల్ల, అంటే ప్రభువు రాత్రి భోజనం. రొట్టె పళ్ళెం వరసగా వస్తుంది. మనసులో ఏదీ దాచుకోకుండా ఉన్నవాళ్ళే తీసుకోవాలని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. పళ్ళెం అబిగయీలు దాకా వచ్చింది. ఆమె చెయ్యి చాపలేదు. పక్కనున్న పెద్దమ్మకు దాన్ని అందించేసింది. ఆ పూట చివరి పాట ఎత్తబోతే గొంతు రాలేదు. జలుబు చేసిందనుకున్నారు అందరూ.

తర్వాతి నెల కూడా అంతే, ఆ పై నెలా అంతే. ట్యూబు మాత్రం మానలేదు. రెండు రోజులు మానితే మచ్చ తేలేది. మచ్చ తేలితే సాక్ష్యం అబద్ధమైపోతుంది. ఆ భయంతో ముఖమంతా పూయడం మొదలుపెట్టింది. జులై వచ్చేసరికి పొయ్యి దగ్గర నిలబడితే చాలు, చెంపలు ఎర్రబడి మండేవి. చర్మం పల్చబడి లోపలి సన్నటి ఎర్ర నరాలు కనిపించేవి. చెంపల మీద నూగు మొలిచింది. భయపడి ఒక్కసారిగా మానేసింది. రెండు వారాల్లో మంగు తిరిగి వచ్చింది, ఈసారి మునుపటి కంటే నల్లగా, మునుపు లేని చోట్ల కూడా.

ఆగస్టు నుంచి ఆమె మందిరానికి రావడం మానేసింది. రెబెక్కమ్మగారు రెండుసార్లు తలుపు తట్టింది. "తలనొప్పమ్మగారూ, పడుకొనుండా" అని లోపల నుంచే చెప్పింది అబిగయీలు. ఫోనులో భర్త ఏం వండినావని అడిగితే చెప్పేది. ఇంకేం అడగాలో ఆయనకు తెలియదు, ఏం చెప్పాలో ఈమెకు తెలియదు. వానలు పడ్డాయి. ఒడ్డున పని ఆగిపోయింది. ఆదివారం పొద్దున కిటికీ తెరిస్తే మందిరం పాట వినిపిస్తుందని కిటికీ మూసుకునేది. మూసినా వినిపించేది. ఎవరో ఎత్తేవాళ్ళు, పాట మధ్యలో తడబడేది. ఆమె మంచం మీద కూర్చొని, పెదవులు కదలకుండా, తర్వాతి వరస లోపల అనుకునేది.

డిసెంబరులో క్రీస్తుదాసు పండక్కని నీలంపువ్వుల గుడ్డ పంపాడు. మందిరానికి పోయేది లేకపోయినా, పంపిన మనిషి మనసు నొచ్చుకుంటుందని, జాకెట్టు కుట్టించుకోవడానికి రషీదా దగ్గరకు పోయింది. రషీదా మా వీధి చివర మిషను కుడుతుంది. ఎక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం కొలత తీసుకుంటూ తీసుకుంటూ ఆగిపోయింది.

"అక్కా, ఏ ట్యూబు పూసినావు?"

అబిగయీలు ఉలిక్కిపడింది. "నేనేం పుయ్యలా."

"నా దగ్గర దాయబాకక్కా. మా చెల్లెలు ఇర్ఫానా ముఖం ఇట్టే అయింది. ఎర్రంగా, నూగు లేసి. దాన్ని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపోయినాము. నువ్వూ పోదువు రా. నేనొస్తా తోడు."

"నీకు పండగ కుట్టు పనుంది గదమ్మా."

"ఉంటే ఉండనీలే. మిషను యాడికీ పోదు."

పది నెలల్లో ఆమె ముఖం చూసి భయపడకుండా, ఆశ్చర్యపడకుండా, దేవుణ్ణి పొగడకుండా మాట్లాడిన మొదటి మనిషి రషీదా. తర్వాతి మంగళవారం ఇద్దరూ బస్సెక్కారు.

చర్మం డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అబిగయీలు సంచిలో నుంచి ఖాళీ ట్యూబు తీసి, దొంగసొత్తు అప్పజెప్పినట్టు బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ తిట్టలేదు. "ఇందులో స్టెరాయిడ్ ఉంటుందమ్మా. మేము చూసి, కొన్ని వారాలు మాత్రమే వాడమని చెప్పే మందు. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడుతుంది, మానగానే మంగు తిరగబడుతుంది. తప్పు నీ ఒక్కదానిదే కాదులే" అంది.

"ఇది లివరు జబ్బామ్మా?"

"కాదు. అంటుకునేదీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వస్తుంది. కొందరికి గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో వస్తుంది, కొందరికి ఇంట్లో అమ్మకుంటే వస్తుంది. వచ్చిందాన్ని పెంచేది మాత్రం ఎండ, వేడి." ఆమె ఆగి అడిగింది. "ఏం పని చేస్తావు?"

"నెత్తళ్ళు ఎండేస్తానమ్మా, సముద్రం కాడ."

"ఎట్లా ఎండేస్తావు? చూపించు."

అబిగయీలు సిగ్గుపడుతూ లేచి, కొంగు తలమీద కప్పుకొని, నడుము వంచి, రెండు చేతులతో తిరగేసినట్టు చూపింది. డాక్టరమ్మ కాసేపు చూసింది.

"కొంగు నెత్తి మీద ఉంది. నీ ముఖం ఇసక వైపు ఉంది. తెల్లటి ఇసక మీద పడ్డ ఎండ తిరిగి పైకి కొడుతుందమ్మా. కింద నుంచి తగిలే ఎండకు కొంగేం చేస్తుంది?"

ఆ మాటకు అబిగయీలు కొంగు తీసి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళుగా కొంగు కప్పుకొని, ఎండను అద్దంలా ముఖం మీదికి తిప్పుకుంటూ ఉన్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. పైగా దాని మీద నూనె పూసుకొని.

డాక్టరమ్మ చెప్పినవి చాలా మామూలు సంగతులు. ముందు చర్మాన్ని కోలుకోనివ్వాలి. రుద్దకూడదు, పసుపూ నిమ్మా వద్దు. బయటకు పోయే ముందు రెండు వేళ్ళ పొడుగున సన్‌స్క్రీను, అదీ కొద్దిగా రంగు కలిసింది, ముఖానికి పూయాలి. రెండు మూడు గంటలకోసారి, చెమట పట్టినప్పుడల్లా, మళ్ళీ పూయాలి. చెంపలు కప్పే టోపీ పెట్టుకోవాలి. వంగకుండా, పొడుగు కర్రకు పలక కట్టి నిలబడి తిరగేయాలి. కొన్నాళ్ళాగి రాత్రిపూట పూసుకునే వేరే మందు ఇస్తుంది, అదీ ఆమె ఆపమన్నప్పుడు ఆపాలి.

"పూర్తిగా పోతాదామ్మా?"

"తగ్గుతుంది. నెలలు పడుతుంది. ఎండకు నిర్లక్ష్యం చేస్తే మళ్ళీ వస్తుంది. పోతుందని నీకు మాటివ్వలేను."

మాటివ్వలేనని చెప్పే మనిషి మీద అబిగయీలుకు నమ్మకం కుదిరింది.

రషీదా జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కతో ఒక టోపీ కుట్టింది. వెడల్పు అంచు, రెండు చెంపల మీదికీ దిగే రెక్కలు, గడ్డం కింద ముడి. "పెండ్లికూతురు మాదిరి ఉండావక్కా" అని నవ్వింది. "పో, నవ్వినోళ్ళు నవ్వనీ. చేపలు నవ్వవు గదా."

జనవరిలో ఒడ్డున పని మళ్ళీ మొదలైంది. అందరిలోనూ అబిగయీలు ఒక్కతే టోపీ పెట్టుకొని, కర్రతో నెత్తళ్ళు తిరగేస్తూ ఉండేది. పక్క వల ఎలిశబెతుది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, రెండేళ్ళ కొడుకు తల్లి. ఆ కాన్పులో ఆమెకూ మంగు లేచింది. ఒక మధ్యాహ్నం ఎలిశబెతు తన వల వదిలి ఈమె దగ్గరకు వచ్చి నిలబడింది. ముఖం నూనెతో నిగనిగలాడుతోంది. మచ్చలు ఆ నిగనిగలో మరింత నల్లగా ఉన్నాయి.

"అక్కా, ఒకటడుగుతా, ఏమనుకోవద్దు."

"అడగమ్మే."

"నీ సాక్ష్యం విన్న కాడ్నుంచి నేనూ నూనె పూస్తా ఉండా. రోజూ. ఈ ఎండలోకి కూడా పూసుకొనే వస్తా. మొన్నటికి నాలుగో సీసా. నీకు ఇరవై దినాల్లో తగ్గింది. నాకెందుకు తగ్గలా?" చెంప మీది నూనె కొంగుతో ఒత్తుకుంది. "నాలో ఏదో పాపం ఉండాదంటాది మా అత్త. నేనేం చేసినానో నాకు గుర్తు రావడం లేదక్కా."

అబిగయీలు చేతిలో కర్ర ఆగిపోయింది. టోపీ రెక్కల మధ్య ఆమె ముఖంలో మంగు ఉందన్న సంగతి కూడా ఆ పిల్లకు కనిపించలేదు. తన పాపం వెతుక్కోవడంలో అంతగా మునిగి ఉంది. ఇన్నాళ్ళూ ఆ అబద్ధం తన ఒక్కదాన్నే తింటోందనుకుంది అబిగయీలు. పక్క వల మనిషిని కూడా తింటోందని అప్పుడు చూసింది.

"నీలో ఏం పాపం లేదమ్మే" అంది. "ఆదివారం మందిరానికి రా. అందరి ముందరా చెప్తా."

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆమె మందిరానికి వచ్చింది. మూడో వరసలో కిటికీ కింద చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఒక సంచి పెట్టి ఉంది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారమూ రెబెక్కమ్మగారు అక్కడ తన సంచి పెట్టి, ఎవరినీ కూర్చోనివ్వలేదట. అబిగయీలును చూసి, వచ్చి సంచి తీసుకుపోయింది.

సాక్ష్యాల వేళ అబిగయీలు లేచి, కొంగు చెంపల మీద నుంచి తీసేసింది.

"పోయినేడు ఇదే దినాన నేను సగం చెప్పి కూర్చున్నా. నూనె పూసినాననే చెప్పినా. ట్యూబు పూసినానని చెప్పలా. తగ్గింది ట్యూబుకు. ఆ ట్యూబే నా ముఖాన్ని చెడగొట్టింది. నూనె పూసుకొని తగ్గనోళ్ళలో తప్పేం లేదు. తప్పు నాది. ఇది రోగమే, పాపం కాదు. డాక్టరు కాడికి పోండి, ప్రార్థనా చేసుకోండి. నన్ను మన్నించండి."

ఈసారి "స్తోత్రం" అని ఎవరూ అనలేదు. వెనక నుంచి ఒక పెద్దమ్మ, "అయ్యో, ఎంత పని చేస్తివే" అంది. ఎలిశబెతు కొడుకును చంకనెత్తుకొని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

బల్ల వచ్చింది. పళ్ళెం అబిగయీలు ముందు ఆగింది. చెప్పాల్సింది చెప్పేసింది, ఇక తీసుకోవచ్చు. కానీ తన వల్ల బాధపడి ఒక మనిషి లేచి బయటికి పోయింది. ఆ సంగతి మనసులో ఉండగా చెయ్యి రాలేదు. మళ్ళీ పక్కకు అందించింది.

మందిరం విడిచాక రెబెక్కమ్మగారు గుమ్మంలో ఆపింది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"అదీ, నేను, అని నువ్వు చెప్పబోతివి ఆ దినం. నేనే నోరు మూయించినా. నాకు గుర్తుండాదిలే" అంది. "ఏడాదిపాటు ఒక్కదానివే మోస్తివా తల్లీ?"

అబిగయీలు తల ఊపింది. ఇంటికి ఒక్కతే నడిచింది.

ఆ వారం రషీదా దగ్గరకు పోయి, మిగిలిన నీలంపువ్వుల గుడ్డతోనే ఇంకో టోపీ కుట్టించింది. దాన్ని ఎలిశబెతు వల మూలన ఉన్న కర్రకు తగిలించి, పక్కన ఒక కాగితంలో డాక్టరమ్మ చెప్పినవన్నీ రాసి, ఆసుపత్రిలో చర్మం ఓపీ ఉండే రోజులు కూడా రాసి, గవ్వ కింద పెట్టి వచ్చింది. మరునాటికి కాగితం లేదు. గాలికి పోయిందో, తీసుకున్నదో తెలియలేదు. టోపీ మాత్రం అట్లాగే వేలాడుతోంది. ఎలిశబెతు వస్తుంది, కొంగు కప్పుకొని వంగి పనిచేసుకుంటుంది, పోతుంది. పిలిచినా పలకదు. పది రోజులు ఆ టోపీ గాలికి ఊగుతూనే ఉంది. అబిగయీలు ఉప్పుగాలికి దాని రంగు మారడం చూస్తూ, తన వరసలు తిరగేసుకుంటూ ఉండేది. అన్ని నెలల ఒంటరితనంలోనూ ఆ పది రోజులే బరువనిపించాయని తర్వాత చెప్పింది.

పదకొండో రోజు మధ్యాహ్నం, రెండోసారి సన్‌స్క్రీను పూసుకొని, ముడి బిగించుకొని తలెత్తితే, నాలుగు గజాల అవతల కర్ర బోసిగా ఉంది. వల ఆ చివర నీలంపువ్వుల టోపీ ఒకటి వీపు తిప్పి నిలబడి ఉంది. చేతిలో పొడుగు కర్ర. కాగితం గాలికి పోలేదన్నమాట.

ఎలిశబెతు ఇటు తిరగలేదు, చెయ్యి ఊపలేదు. అబిగయీలు కూడా పిలవలేదు. ఒక వరస నెత్తళ్ళు తిరగేసింది. రెండో వరస మధ్యలో, ఎప్పుడు మొదలుపెట్టిందో తనకే తెలియకుండా, పాట ఎత్తింది. ఏడాదిగా వాడని గొంతు, మొదట్లో గరగరలాడింది. ఒక వరస పాడి, అలవాటు చొప్పున ఆగింది.

అలలు వచ్చి పోయాయి. గాలి వీచింది. ఆమె కర్ర అలాగే పట్టుకొని ఉండిపోయింది.

అవతలి నుంచి, ముఖం ఇటు తిప్పకుండానే, సన్నగా, కాస్త శ్రుతి తప్పి, ఆ వరస తిరిగి వచ్చింది.

ఆ వచ్చే నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం మూడో వరసకు వచ్చినప్పుడు, అబిగయీలు చెయ్యి చాపింది.